తొమ్మిది పిన్నుల లాప్‌టాప్

ఆ ఎంబ్రాయిడరీ షెడ్డులో ఆవిడను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. కుట్టే అమ్మాయిల దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ మిషనక్కే. చివరికి ఓనరు కూడా అలాగే పిలిచేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ఏ మిషను మొరాయించినా ఆవిడే దిక్కు. దారం తెగుతోందని పిలిచినా, సూది విరుగుతోందని పిలిచినా, ముందు మిషను ఆపించి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకునేది.

"ఏంటక్కా, నాడి చూస్తున్నావా?" అని అమ్మాయిలు నవ్వేవాళ్ళు.

"నాడి కాదే, జ్వరం," అనేది. మోటారు ఎక్కడ వేడెక్కిందో చేతికి తెలిస్తే సగం పని అయిపోయినట్టే మరి.

షెడ్డు నడిమధ్య ఒక పెద్ద మిషను ఉంది. పన్నెండు తలలు, తలకి తొమ్మిది సూదులు. బడి చొక్కాల మీద బ్యాడ్జీలు, హోటళ్ళ తువ్వాళ్ళ మీద పేర్లు, ఆటగాళ్ళ టోపీల మీద బొమ్మలు, ఏదైనా సరే ఒకేసారి పన్నెండు గుడ్డల మీద కుట్టి పడేసేది. షెడ్డుకి సగం అన్నం పెట్టేది అదే. దాని మీద నలుగురు అమ్మాయిలు పనిచేసేవాళ్ళు.

ఒకసారి మూడు రోజుల సెలవు తర్వాత స్విచ్చు వేసేసరికి ఆ మిషను తెర మీద ఎర్రటి అంకె ఒకటి వెలిగింది. గుడ్డలు బిగించే ఫ్రేము ఒక్క ఉదుటున కుడివైపుకి దూకి, చివర ఉన్న ఇనుప కడ్డీని ధడాలున కొట్టుకుంది. అమ్మాయిలు కెవ్వుమన్నారు. మిషనక్క పరుగున వచ్చి కరెంటు ఆపేసింది.

కంట్రోలు పెట్టె విప్పి చూస్తే సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. లోపలి బోర్డు మీద ఉండే బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయింది. దాంతోపాటు మిషను జ్ఞాపకం పెట్టుకున్న లెక్కలన్నీ చెరిగిపోయాయి. ఫ్రేము ఎంత జరగాలి, సూది ఎక్కడ ఆగాలి, కత్తి ఎప్పుడు దారం కొయ్యాలి, ఏదీ దానికిప్పుడు గుర్తులేదు. ఆవిడ కొత్త బ్యాటరీ అయితే వేసింది గానీ, పోయిన లెక్కలు తిరిగి రాలేదు.

"ఒళ్ళు గట్టిగానే ఉందే. మతిమరుపు వచ్చింది, అంతే," అని చెప్పింది అమ్మాయిలతో.

కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు మాత్రం పెట్టె వైపు ఓసారి చూసి పెదవి విరిచాడు. ఆ మోడలు ఆపేసి చాలా ఏళ్ళయిందట. లెక్కలు ఎక్కించే పాత ప్రోగ్రామూ, అది నడిచే పాత లాప్‌టాపూ ఇప్పుడు తమ దగ్గర కూడా లేవట. కొత్త మిషను కొనుక్కోండి, ఇది పాత ఇనుము కింద పోతుంది అని చెప్పి, రంగు రంగుల పుస్తకం ఒకటి ఓనరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఓనరు మంచివాడే కానీ నాన్చే రకం కాదు. "కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుందట మిషనక్కా. అది వచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. వచ్చిన రోజు పాత సామాన్ల వాణ్ణి పిలుస్తా," అన్నాడు.

"కొత్తదాని మీద ఎంతమంది పనిచెయ్యాలండీ?"

"ఒక్కరు చాలట," అన్నాడు ఆయన, ఎటో చూస్తూ.

మిషనక్క ఆ నలుగురు అమ్మాయిల వైపూ చూసింది. కానీ పైకి, "రెండు నెలలు ఉన్నాయిగా," అని మాత్రం అంది.

మిషనక్కకి ఒక తమ్ముడున్నాడు. బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. కంప్యూటర్ల గురించి ఈ ఇలాకాలో తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. అక్క అడగ్గానే కొత్త లాప్‌టాపు ఒకటి చంకన పెట్టుకుని షెడ్డుకి వచ్చాడు. మిషనుకి ఉన్నది పాతకాలపు తొమ్మిది పిన్నుల సాకెట్టు. కొత్త లాప్‌టాపులకి అలాంటిది ఉండదు. మధ్యలో అతుకు తీగ ఒకటి పెట్టి, ఇంటర్‌నెట్టులో ఎక్కడో దొరికిన ప్రోగ్రాము తిప్పి చూశాడు. పదిహేడు శాతం ఎక్కి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పదిహేడే. ఆరుసార్లు తిప్పి, చొక్కా చెమటతో తడిసిపోయాక, "నీ మిషనుదే తప్పు అక్కా," అని తేల్చేశాడు.

"కాదురా, అతుకు తీగదే. అది మధ్యలో ఊపిరి ఆపుతోంది. అతుకు లేకుండా నేరుగా తగిలించే పాత లాప్‌టాపు కావాలి."

"అలాంటివి మ్యూజియంలో ఉంటాయే."

మ్యూజియంలో ఉన్నాయో లేవో గానీ, నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం టీ వేళ ఆవిడ ఫోనులో ఒకటి కనబడింది. పాత సామాన్లు అమ్ముకునే సైటులో, వేరే దేశం వాళ్ళెవరో పెట్టారు. ఇటుకంత మందం ఉన్న నల్లటి లాప్‌టాపు. మీటల మీద రెండు అక్షరాలు అరిగి కనబడకుండా పోయాయి. వెనకవైపు ఫోటోలో తొమ్మిది పిన్నులు వరసగా మెరుస్తున్నాయి. అన్నిటికన్నా ఆవిడను పట్టి ఆపింది ఆ లాప్‌టాపు పెట్టిన బల్ల. నూనె మరకలు, ఒక మూల నూనెడబ్బా, సూదుల డబ్బా, దారం ముక్కలు. తన బల్లని ఎవరో ఫోటో తీసి పెట్టినట్టే ఉంది.

కింద రెండే వాక్యాలు. యాప్ వాటిని తన పద్ధతిలో మన భాషలోకి మార్చింది. "ఎంబ్రాయిడరీ యంత్రముల కొరకు. ప్రోగ్రాము మరియు తీగ కలవు."

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఈ కబురు చెప్పేసరికి తమ్ముడు గిన్నె పక్కన పెట్టేశాడు. "ఊరు తెలీదు, పేరు తెలీదు, ముఖం తెలీదు. డబ్బు పంపించాక రాయి పెట్టి పంపితే ఎవణ్ణి అడుగుతావే? గ్యారంటీ ఉందా? వెనక్కి తీసుకుంటాడా?"

మిషనక్క మొగుడు సిటీ బస్సు డ్రైవరు. తక్కువ మాట్లాడతాడు. "వాళ్ళ షెడ్డు మిషనుకి నువ్వెందుకు కొనడం? ఓనరు కొనచ్చుగా," అన్నాడు.

"ఓనరుకి కొత్తదాని మీద మనసు పడింది. అడిగితే నవ్వుతాడు. ఇది నాకు కావాలండీ. నా డబ్బే."

ఆయన ఇంకో గరిటె కూర వడ్డించుకున్నాడు. ఆ ఇంట్లో దాని అర్థం సరే అని.

కొందామని చూస్తే అమ్మే మనిషి అంత తేలిగ్గా అమ్మేలా లేడు. మిషనక్క, "ఇది నాకు కావాలి," అని సందేశం పెట్టగానే తిరిగి ఒక సందేశం వచ్చింది.

"గౌరవనీయ కొనుగోలుదారు. ఇంకొకరు దీనిని అలమరలో అలంకారమునకు అడుగుచున్నారు. ఎక్కువ ఇస్తామనుచున్నారు. నాకు అలంకారము ఇష్టము లేదు. మీ యంత్రమునకు ఏమి జబ్బు? ఫ్రేము ఎటు దూకును? ప్రధాన ఇరుసు చేతితో తిప్పిన ఎలా తిరుగును?"

చదువుతుంటే ఆవిడకి ఏదోలా అయింది. ఈ వ్యవహారం మొదలైన దగ్గర్నుంచీ అందరూ ధర అడిగారు, గ్యారంటీ అడిగారు, నీకెందుకని అడిగారు. మిషనుకి ఏమైందని అడిగినవాడు ఇతనొక్కడే.

టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా జవాబు రాసింది. ఫ్రేము కుడివైపుకి దూకుతుంది. ఇరుసు చేత్తో తిప్పితే వెన్నలా తిరుగుతుంది, ఎక్కడా పట్టెయ్యదు. సూది పైకి వచ్చి వంద డిగ్రీల గుర్తు దగ్గర ఆగాల్సింది, నూట ముప్పై దాకా పోతోంది. దారం కోసే కత్తులు బాగున్నాయి. కంపెనీవి దొరక్కపోతే పోయినేడు తనే తయారుచేసింది. అన్నీ రాసి, ఫ్రేము కదిలే తీరు కాయితం మీద పెన్సిలుతో గీసి, ఆ బొమ్మ ఫోటో తీసి పంపింది.

మర్నాడు ఒకే ఒక ప్రశ్న వచ్చింది. "కత్తులు దేనితో చేసితిరి?"

ఇనుము కోసే రంపపు బ్లేడుని సానరాయి మీద అరగదీసి చేశానని రాసి, కత్తి ఫోటో కూడా పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు జవాబు లేదు. ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పది నిమిషాలకోసారి ఫోను తీసి చూడటం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం.

మూడో రోజు పొద్దున మిషనక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. మొగుడు తీసి చదివాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆవిడ బయటికి రాగానే ఫోను చాపి, "ఎవడే వీడు?" అన్నాడు.

తెర మీద ఇలా ఉంది. "ప్రకటన తీసివేసితిని. ఇది మీదే. కానీ చెప్పండి, మీ వైపు ఉన్నది ఆడదా, మగదా? నా వద్ద రెండూ కలవు. ఏది కావలెనన్న అది పంపుదును."

మిషనక్క మంచం మీద కూలబడి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వింది. "తీగ గురించండీ బాబూ! పిన్నులున్నది మగది, బెజ్జాలున్నది ఆడది."

"ఆ ముక్క తీగ అని రాయచ్చుగా," అన్నాడు ఆయన, ఇంకా అనుమానం పూర్తిగా తీరకుండానే.

పార్సిలు బయల్దేరింది. ఒక దేశం దాటింది, ఇంకో దేశంలో ఆరు రోజులు ఆగింది, చివరికి విమానం దిగి పార్సిళ్ళ తనిఖీ ఆఫీసులో కూర్చుంది. అక్కడితో ఆగిపోయింది. వారం తర్వాత కాయితం వచ్చింది, స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోమని. అప్పటికి కొత్త మిషను రావడానికి ఇంకా పన్నెండు రోజులే ఉంది. మిషనక్క సెలవు పెట్టింది. కంప్యూటరు వ్యవహారం కాబట్టి తను లేనిదే పని జరగదని తమ్ముడు దుకాణానికి తాళం వేసి కూడా వచ్చాడు.

తనిఖీ ఆఫీసంటే పొడవాటి హాలు. ఒక పక్క గోడ నిండా అట్టపెట్టెలు, ఇంకో పక్క జాలీ వెనక బల్లలు. నాలుగో బల్ల దగ్గరి ఆఫీసరు సన్నగా, విసుగ్గా ఉన్నాడు. కాయితాలు తిరగేసి తమ్ముడి వైపు చూసి అడిగాడు. "పాత కంప్యూటరు ఎందుకు తెప్పించారు? పనికిరాని చెత్తంతా మన మీద దింపుతున్నారు. పనిచేస్తుందని ఇక్కడే చూపిస్తే వదుల్తాం. లేకపోతే వెనక్కి పోతుంది. మీరేనా మెకానిక్కు?"

"నేనండీ," అంది మిషనక్క.

ఆఫీసరు ఆవిడను ఎగాదిగా చూశాడు. పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టించాడు.

పెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. అది చూడగానే తమ్ముడు "అయిపోయింది" అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అట్ట కోసి తెరిస్తే లోపల కాయితాలూ స్పాంజీ లేవు. లాప్‌టాపుని గుడ్డల్లో చుట్టి ఉంచారు. అవి మామూలు గుడ్డలు కావు, మిషను సరిచేశాక పరీక్షకి కుట్టి చూసుకునే ముక్కలు. గుండ్రాలు, చతురస్రాలు, అడ్డగీతలు, పదుల రంగుల్లో. మిషనక్క ఒక ముక్క ఎత్తి గుండ్రం మొదలూ చివరా కలిసిన చోటు వేలితో తడిమి చూసింది. ఒక్క దారం కూడా తేడా లేదు. ఇతను మామూలోడు కాదు అనుకుంది.

ప్లగ్గు ఆకారం వేరని ముందే ఫోటోలో చూసుకుని, దానికి సరిపడే అడాప్టరు తెచ్చుకుంది ఆవిడ. తగిలించి మీట నొక్కింది. లోపల ఫ్యాను గిర్రుమంది. మూడుసార్లు కీచుమని ఆగిపోయింది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ గిర్రు, మూడు కీచులు, నిశ్శబ్దం.

"చెప్పానా," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "రాయి పంపినా ఇంతే, ఇది పంపినా ఇంతే."

ఆఫీసరు రబ్బరు స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి పంపించే స్టాంపు.

"ఒక్క ఐదు నిమిషాలండీ," అంది మిషనక్క. లాప్‌టాపు మీద అరచెయ్యి ఆనించి ఊరుకుంది. వేడి లేదు. కాలిన వాసన లేదు. ఫ్యాను తిరుగుతోంది అంటే కరెంటు అందుతోంది. కూస్తోంది అంటే బతికే ఉంది, ఏదో చెబుతోంది. పెట్టె ఏ మూల నొక్కుకుందో చూసింది. ఆ మూలకి లాప్‌టాపు ఏ వైపు ఆనుకుని ఉందో చూసింది. తిరగేసింది. సరిగ్గా ఆ చోటే రెండు స్క్రూలతో బిగించిన చిన్న మూత ఉంది.

సంచిలోంచి సన్న స్క్రూడ్రైవరు తీసింది.

"అక్కా, ఇక్కడ విప్పకూడదే!" అన్నాడు తమ్ముడు.

"నాదేగా. నా వస్తువు నేను విప్పుకుంటున్నా." అని ఆఫీసరు వైపు చూసింది. ఆయన స్టాంపు పట్టుకునే కాస్త ముందుకి వంగాడు. వద్దనలేదు.

మూత కింద పచ్చటి పలకలు రెండు పక్కపక్కన ఉన్నాయి. వాటిని ఏమంటారో ఆవిడకి తెలియదు. కానీ ఒకటి చాపలా పరుచుకుని ఉంది, రెండోది ఒక చివర గోరంత పైకి లేచి ఉంది. పక్కదాన్ని చూసి, దీన్నీ అలాగే రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కింది. టిక్కుమంది. మూత బిగించి, తిరగేసి, మీట నొక్కింది.

ఫ్యాను గిర్రుమంది. ఒక్కసారే కూసింది. తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగాయి.

పక్క బల్ల దగ్గర వరసలో ఉన్నవాళ్ళు కూడా తొంగి చూశారు. ఆఫీసరు స్టాంపు కింద పెట్టి, వేరే స్టాంపు తీశాడు. కాయితం మీద గట్టిగా గుద్ది, "కంప్యూటర్ల పని ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు. ఇందాకటి విసుగు గొంతులో లేదు.

"కంప్యూటర్లు నాకు తెలియవండీ. కుట్టుమిషన్ల మెకానిక్కుని."

"మరి ఇదెలా తెలిసింది?"

"తెలియలేదండీ. దెబ్బ ఎక్కడ తగిలిందో చూసి, అక్కడ ఏం కదిలిందో వెతికాను."

ఆఫీసరు తల పంకించి, తమ్ముడి వైపు తిరిగి, "మీరు ఏమవుతారు?" అని అడిగాడు.

"తమ్ముణ్ణండీ," అన్నాడు అతను. తర్వాత ఏమనుకున్నాడో, గొంతు సవరించుకుని, వరసలో చివరివాడికి కూడా వినబడేలా, "మా అక్కండీ ఆవిడ. మా సొంత అక్క," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి షెడ్డులో అందరూ పెద్ద మిషను చుట్టూ చేరారు. లాప్‌టాపు అమ్మేసిన పెద్దాయన వీడియోలోకి వస్తానన్నాడు. అక్కడ ఆయనకి అప్పుడే తెల్లారిందట. ఫోనుని నూనెడబ్బాకి ఆనించి నిలబెట్టారు. తెర మీద తెల్లటి గడ్డం, మందపాటి కళ్ళజోడు కనిపించాయి. పలకరింపుగా చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది. ఎందుకు అమ్మేశాడో ఎవరూ అడగక్కర్లేకుండానే మిషనక్కకి అర్థమైంది. సూది బెజ్జంలో దారం ఎక్కించే పని చేసిన చేతులు అవి.

ఆయన చెయ్యి దించి, లాప్‌టాపు చూపించమని సైగ చేశాడు. పరాయి భాషలో ఉన్న ఆ ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా ఆవిడకి చదవడం రాదు. కానీ బొమ్మలు అవే, అంకెలు అవే. పెద్దాయన ఒక కాయితం ఎత్తి చూపించాడు. ఆ మోడలు మిషనుకి ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో పెద్ద పెద్దగా రాసుకున్నాడు. ఆవిడ ఒక్కొక్కటీ చూసి వేసుకుంటూ పోయింది. పదకొండో గడి దగ్గర ఆగింది.

కాయితం మీద నాలుగొందల ఇరవై అని ఉంది. ఆవిడ నాలుగొందలు వేసింది.

పెద్దాయన ఫోనులోంచి వేలు అడ్డంగా ఊపాడు. ఏదో గబగబా అన్నాడు. యాప్ చెప్పింది. "తప్పు. తప్పు. వృత్తము గుడ్డు అగును."

ఓనరు కంగారుపడ్డాడు. "ఆయన చెప్పినట్టే వెయ్యండి మిషనక్కా. ఆయనకి తెలుసుగా."

"ఆయనకి ఆయన మిషను తెలుసండీ. ఇది నా మిషను," అంది ఆవిడ నెమ్మదిగా. ఫోను తీసుకుని మిషను పక్కకి వెళ్ళి, రేకు మూత తీసి, ఫ్రేముని జరిపే పళ్ళచక్రాన్ని చూపించింది. ఎనిమిదేళ్ళ కిందట ఇరవై పళ్ళ చక్రం అరిగిపోతే ఎక్కడా దొరకలేదు. ఇరవై ఒక్క పళ్ళది వేసింది. పన్ను ఎక్కువైతే ఫ్రేము ఎక్కువ జరుగుతుంది, కాబట్టి అంకె తగ్గాలి. వేలితో ఒక్కొక్క పన్నూ తాకుతూ లెక్కపెట్టి చూపించింది.

పెద్దాయన ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వచ్చి చూశాడు. పెదవులు కదుపుతూ తనూ లెక్కపెట్టాడు. పెన్సిలు తీసుకుని ఏదో రాసుకున్నాడు. తర్వాత తన కాయితం మీది నాలుగొందల ఇరవైని అడ్డంగా కొట్టేసి, కింద నాలుగొందలు అని రాసి, ఆ కాయితం అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

తీగ తగిలించి మీట నొక్కింది. ఐదు శాతం. పది. పదిహేడు దగ్గర తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. పద్ధెనిమిది. ఇరవై. యాభై దాటాక ఎవరో అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. వంద.

కరెంటు ఆపి మళ్ళీ వేశారు. ఎర్రటి అంకె లేదు. ఫ్రేము మెల్లగా కదిలి, నడిమధ్యకి వచ్చి, బుద్ధిగా ఆగింది. సూదుల ఇరుసు ఒక చుట్టు తిరిగి సరిగ్గా వంద గుర్తు దగ్గర నిలబడింది.

మిషనక్క పన్నెండు తలలకీ తెల్లగుడ్డ బిగించింది. నల్లదారంతో గుండ్రం. పన్నెండు సూదులూ ఒక్కసారిగా దిగాయి. ఏడు వారాలుగా మూగబోయిన షెడ్డు నిండా ఆ చప్పుడు, రేకుల మీద జోరువాన పడుతున్నట్టు. ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి, అటు తిరిగి విన్నది. పన్నెండిట్లో ఒక్కటి లయ తప్పినా ఆవిడకి తెలుస్తుంది. ఏదీ తప్పలేదు. కళ్ళు తుడుచుకున్నాకనే ఇటు తిరిగింది.

గుడ్డ విప్పి కెమెరా ముందు పట్టుకుంది. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. వెనక్కి తిరిగి ఎవరినో కేకేశాడు. ముసలావిడ ఒకామె చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకి తెర మీది గుండ్రాన్ని చూపిస్తూ ఏదో అన్నాడు. యాప్ దాన్ని మన భాషలోకి మార్చి చెప్పింది.

"అతుకు కనబడుట లేదు."

ఆ మూడు ముక్కలూ విని మిషనక్క నిండుగా నవ్వింది. చిన్నప్పటి నుంచీ ఎందరో మెచ్చుకున్నారు, పాపం మంచి మనసుతోనే. కానీ అతుకు ఎక్కడ ఉండాలో తెలిసినవాడు, వెతికి, దొరక్క చెప్పిన మాట ఇది.

ఓనరు ఆ సాయంత్రమే కొత్త మిషను వాళ్ళకి ఫోను చేసి ఆర్డరు రద్దు చేశాడు. పాత సామాన్ల వాడికి కూడా చెప్పేశాడు, రావద్దని. నలుగురు అమ్మాయిలూ ఎవరి వంతు తలల దగ్గర వాళ్ళు నిలబడి, సూదులకి దారాలు ఎక్కించుకుంటున్నారు. ఓనరు మిషనక్కను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"లాప్‌టాపుకి మీరెంత పెట్టారో చెప్పండి. నేనిచ్చేస్తా. దాన్ని ఇక్కడ బీరువాలో పెడదాం, భద్రంగా ఉంటుంది."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. "వద్దండీ. అది నా పనిముట్టు. మిషను మీది, లాప్‌టాపు నాది. మీకు ఎప్పుడు కావాలన్నా తీసుకొస్తా."

"అది కాదు మిషనక్కా, ఇంకెవరైనా అడిగితే..."

"అడిగారండీ. కాలువ అవతలి షెడ్డువాళ్ళు మధ్యాహ్నమే ఫోను చేశారు. వాళ్ళ మిషనుకీ ఇదే జబ్బట. రేపు సెలవు కావాలి నాకు."

ఓనరు నవ్వేశాడు. "సెలవెందుకు? పనిమీదే వెళ్తున్నారుగా. హాజరు వేయిస్తా."

లాప్‌టాపుని ఆ పరీక్ష గుడ్డల్లోనే చుట్టి సంచిలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. బాగా బరువు. తమ్ముడు ఇటివ్వు, నేను మోస్తానన్నాడు. ఇవ్వలేదు. బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. దుకాణం దగ్గర అతని కోసం కాచుకుని ఉన్నవాళ్ళెవరో "రెండు రోజులు ఎక్కడికెళ్ళావ్?" అని అడిగితే, అతను తాళం తియ్యకుండానే కథ మొదలుపెట్టాడు. ఆవిడ ముందుకి సాగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు డ్యూటీ దిగి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. సంచి అందుకుని, బరువుకి చెయ్యి కిందికి పోతే, "అబ్బో" అన్నాడు. జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"మీ తమ్ముడు ఫోను చేశాడు. వంద దాకా ఎక్కిందట కదా. ఆ చక్రం పళ్ళు, ఆ ముసలాయన కాయితం, అన్నీ చెప్పేశాడు."

"అయితే ఇంక నేను చెప్పేదేముంది?" అంది ఆవిడ, కాస్త చిన్నబుచ్చుకుని.

ఆయన ఇంకో కుర్చీ లాగి, దుమ్ము దులిపి, ఆవిడకి వేశాడు. "వాడికేం తెలుసే? పదిహేడు దగ్గర కళ్ళు మూసుకున్నాడట. నువ్వు చెప్పు. మొదట్నుంచి చెప్పు."

ఆవిడ కూర్చుని, కాళ్ళు చాపుకుని, మొదట్నుంచి చెప్పింది.